ఈశ్వరీబాయిగారును బీదవారి చదువును

చదువు ఉచితమని ప్రభుత్వమువారు ప్రకటించిన తరువాత గృహస్థునకు ఇంకను ఎంత వ్యయము మిగిలియుండునో మన శాసనకర్తలు తఱచుగా లెక్కింపరు. ఆ లెక్క తల్లులకు తెలియును. ఫీజు, అనగా మన పెద్దలు బడిజీతమనుచుండినది, తీసివేసినను నోటుబుక్కులు, పరీక్షరుసుము, కట్టుబట్ట, బస్సుఖర్చు, మధ్యాహ్నపు ముద్ద ఉండనే యున్నవి. మఱియొక ఖర్చు ఏ చిట్టాలోను కనబడదు. పదేండ్ల పిల్ల బడికి పోయిన దినమున ఇంట చంటివానిని చూచుకొనువారు లేక తల్లి కూలికి పోదు. ఆనాటి కూలి పోయినట్లే. ఈ తుదిపద్దే పెక్కిండ్లలో ఆడుపిల్ల చదువును నాలుగవ తరగతితోడనో ఐదవ తరగతితోడనో ఆపివేయుచు వచ్చినది.

ఈ లెక్కను చక్కగా నెఱిగి శాసనసభలో నడుగు పెట్టినవారిలో సికింద్రాబాదు ఆడపడుచు శ్రీమతి జెట్టి ఈశ్వరీబాయిగారు ఒకరు. ఆమె 1918లో జన్మించి 1991లో గతించిరి. రాజకీయవాదిగా ఆమెను ఎఱిగినవారు పలువురు కలరు. 1969 నాటి తెలంగాణోద్యమమును గూర్చి మాటలాడువారు ఆమె పేరును తలపకపోరు. ఉపాధ్యాయినిగా, బడి నిలిపిన గృహిణిగా ఎఱిగినవారు మాత్రము తక్కువ. ఆమె చేసిన పనిని, చేయుటకు వీలుగాక పోయినదానిని విద్యావ్యయమను నొక్క విషయము ననుసరించి యిందు విచారింపదలచితిమి. మేము బడిపంతులము గనుక మా చూపు అటు పోవుట సహజమే యని పాఠకులు మన్నింతురు గాక.

ఆమె పుట్టిన ఊరు ఎట్టిదో ముందు చెప్పవలసియున్నది. 1806 ప్రాంతమున నిజాము సికందర్ జా పేరిట వెలసిన సికింద్రాబాదు మొదట సైన్యము విడిది. దండు వెంట వర్తకులును, గుమాస్తాలును, పనివారును వచ్చి స్థిరపడిరి. తరువాత రైలు వచ్చినది. హుసేను సాగరమునకు ఆవలనున్న హైదరాబాదు నిజాము ఏలుబడిలో నుండగా, ఈవలి పట్టణభాగము 1945 వఱకు బ్రిటిషు రెసిడెంటు అధికారమున నుండెను. చెరువున కొకవైపున ఒక చట్టము, మఱియొకవైపున మఱియొక చట్టము. చదువుల సంగతియు నట్లే. సోమసుందరము మొదలియారుగారు 1862లో స్థాపించిన ఆంగ్ల దేశభాషా పాఠశాలయే తరువాత మహబూబు కళాశాలయైనది. 1893 ఫిబ్రవరి 13వ తేదీని వివేకానందస్వామి అమెరికా ప్రయాణమునకు ముందు ఉపన్యసించినది ఆ కళాశాలయందే. ఇట్టి బడులలో ఆంగ్లము నేర్చినవారికి రైల్వేలోను, దండుకచ్చేరులలోను కొలువులు దొరకుచుండెను. అయితే జీతము చెల్లింపగలవారి బిడ్డలే అచట జేరుచుండిరి.

చెరువు కావలివైపున చిక్కు వేఱు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. ఇంట తెలుగు మాటలాడు బాలునకు ఉన్నతవిద్య కావలెనన్న మొదట పరభాషను పట్టుపఱచుకొనవలెను. ఆ భాషను నేర్పుటకు పంతులును పెట్టుకొనగలిగిన యింటివానికి అది కష్టము కాదు. లేనివానికి అదియు నొక రుసుమే. 1928లో మాడపాటి హనుమంతరావుగారును వారి మిత్రులును హైదరాబాదున తెలుగు మాధ్యమముతో బాలికల పాఠశాలను నెలకొల్పగా, దానికి ఇచటి గుర్తింపు లేక, బాలికలు పూనాలోని కర్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు పోవలసివచ్చెను. ఇంటిప్రక్కన బడి, పరరాష్ట్రమున పరీక్ష! ఆ హనుమంతరావుగారే తరువాత 1958 మొదలు 1964 వఱకు ఆంధ్రప్రదేశ శాసనమండలికి అధ్యక్షులుగా నుండిరి.

కళాశాల చదువు మాట వచ్చినపుడు రాజా బహద్దూరు వేంకటరామారెడ్డిగారు 1918లో హైదరాబాదున నెలకొల్పిన రెడ్డి హాస్టలును మఱువరాదు. పల్లెనుండి వచ్చిన విద్యార్థికి కళాశాల జీతముకంటె పట్టణమున తిండికిని, పడుకకును అగు వ్యయమే బరువు. ఆ బరువును హాస్టలు దించినది. అంటరానివారని సంఘము వెలిబెట్టినవారి బిడ్డలకొఱకు భాగ్యరెడ్డివర్మగారు ఆదిహిందూ పాఠశాలలను పెట్టిరి. 1934 ప్రాంతమునకు అవి 26 అయి, వానిలో 2,500 మందికి పైగా పిల్లలు చదువుచుండిరి. ఇవన్నియు దాతల వితరణమువలనను, కార్యకర్తల శ్రమవలనను నడచినవి. దాత గతించినను, కార్యకర్త అలసినను బడి కష్టములో పడును. అందుచేతనే ఆలోచనాపరులు చదువును ప్రభుత్వపు పద్దులోనికి తేవలెనని పట్టుబట్టిరి.

అట్లు పట్టుబట్టిన శాసనసభ్యులలో దేశమునకు మొదటివారు గోపాలకృష్ణ గోఖలేగారు. వారును మొదట ఉపాధ్యాయులే. పూనా ఫెర్గుసన్ కళాశాలలో బోధించినవారు. 1911 మార్చి 16వ తేదీని వారు సామ్రాజ్య శాసనసభలో ప్రాథమిక విద్యాబిల్లును ప్రవేశపెట్టిరి. స్థానికసంఘములు కోరినచోట ఆఱేండ్లు మొదలు పదేండ్ల వఱకు గల బాలురకు చదువు నిర్బంధము చేయవచ్చుననియు, నెలకు పది రూపాయలకు తక్కువ ఆదాయము గల తండ్రి బిడ్డకు జీతము పుచ్చుకొనరాదనియు అందు విధించిరి. ఆ పది రూపాయల షరతు చిన్నదిగా కనబడును గాని, నిర్బంధించువాడే వ్యయము భరింపవలెనను న్యాయమును మన శాసనములలోనికి తెచ్చినది అదియే యని మా యభిప్రాయము. 1912 మార్చిలో బిల్లు ఓడిపోయినది. అనుకూలముగా 13, ప్రతికూలముగా 38 వోట్లు. సభలోని ప్రభుత్వసభ్యులును, వారితోడి జమీందారులును కలసిన పిదప ఫలితము వేఱుగా నుండునా? గోఖలేగారికిని అది తెలియనిది కాదు. తెలిసియు బిల్లును తెచ్చిరి. ఓడిపోవుదుమని తెలిసిన విషయమును సభయెదుట పెట్టుట వ్యర్థమా, కాదా యను ప్రశ్న ఈశ్వరీబాయిగారి చరిత్రలోను మరల వచ్చును.

మఱియొక తెలుగు ఉదాహరణము మదరాసున గలదు. అచటి నగరపాలక సంఘమునకు అధ్యక్షులైన పిట్టి త్యాగరాయ చెట్టిగారు 1920లో థౌజండు లైట్స్ పేటలోని సంఘపు బడిలో పిల్లలకు ఫలాహారము పెట్టించిరి. పిల్లవాని కొక దినమునకు అణాకు మించని వ్యయము. ఆకలిగొన్నవాడు బడికి రాడనుట పండితులు చెప్పవలసిన మాట కాదు. కాని దానిని పద్దుగా వ్రాసి మంజూరు చేయించుటకు ఒక సభ్యుడు కావలసివచ్చెను.

ఇక ఈశ్వరీబాయిగారి సంగతి. ఆమె చిలకలగూడలో, సంఘము దూరముగా నుంచిన మాలకులమున, రైల్వే ఉద్యోగియైన తండ్రికి జన్మించిరి. రైల్వే కొలువు ఆ కాలమున ఇట్టి కుటుంబములకు గొప్ప యాధారము. నెలజీతము వచ్చు ఇంట బిడ్డ బడికి పోగలదు. ఆమె సికింద్రాబాదులోని కీస్ బాలికోన్నత పాఠశాలలో చదివిరి. చిన్ననాటనే పూనాకు చెందిన దంతవైద్యులు జెట్టి లక్ష్మీనారాయణగారితో వివాహమైనది. కొంతకాలమునకు ఆమె కుమార్తెను తోడ్కొని పుట్టినింటికి తిరిగివచ్చి, సికింద్రాబాదులోని పరోపకారిణి పాఠశాలలో ఉపాధ్యాయినిగా జేరిరి. చేత బిడ్డ, మోయవలసిన సంసారము, బడిపంతులమ్మ జీతము. ఇట్టి స్త్రీ తిరిగి నిలద్రొక్కుకొనుటకు ఆమె నేర్చిన నాలుగక్షరములే తోడ్పడినవి. స్త్రీకి చదువు అలంకారమాత్రమని వాదించు పెద్దమనుష్యులు ఆ కాలమున కొల్లలుగా నుండిరి. ఆమె జీవితమే వారికి ప్రత్యుత్తరము.

అంబేద్కరుగారి ఉద్యమము ఆమెను ప్రజాజీవితమునకు తెచ్చినది. ఆ మహాశయుడు రాజప్రతినిధి కార్యనిర్వాహకసభలో సభ్యుడుగా నున్నపుడు షెడ్యూల్డు కులముల విద్యార్థుల ఉన్నతవిద్యకై యేటేట 3 లక్షల రూపాయలు కేటాయింపజేసిరి. మెట్రిక్యులేషను తరువాతి చదువునకు నేటికిని నడచుచున్న ఉపకారవేతనములకు 1944 నాటి ఆ యేర్పాటే మొదలు. సభలో ఒక స్థానము దొరకిన, దానివలన బడికి ఎంత సొమ్ము రాబట్టవచ్చునో ఆ తరమువారు అంబేద్కరుగారిని చూచి నేర్చికొనిరి. ఈశ్వరీబాయిగారు 1951 నాటి పురపాలక ఎన్నికలలో చిలకలగూడనుండి సికింద్రాబాదు నగరపాలక సంఘమునకు సభ్యురాలైరి.

పురపాలక సభ్యత్వమును చిన్నచూపు చూచువారు కలరు. మేము దానితో నేకీభవింపము. నీటికుళాయి ఏ సందులో నున్నదో, ఏ వాడలో దీపము లేదో తెలియుట బడికి సంబంధించిన విషయమే. కుళాయి దూరమైన యింట నీళ్లు మోయుట ఆడుపిల్ల పని. ఆమె బడికి పోవువేళయు, కుళాయి వచ్చువేళయు నొక్కటియైనపుడు ఏది ఓడునో చెప్పనక్కఱ లేదు. బీదపేటల నీటికొఱకు, ఇండ్లకొఱకు, దారులకొఱకు చేసిన పని నంతయు విద్యాసేవలో చేర్చి లెక్కింపవలెనని మా మనవి.

ఇదే కాలమున ఆమె చిలకలగూడలో గీతా విద్యాలయమను బడిని స్థాపించిరి. కుమార్తె పేరు గీత. అక్షరములతోపాటు స్త్రీలకు కుట్టుపని మొదలగు చేతిపనులను నేర్పు ఏర్పాటును చేసిరి. ఇందులోని వివేకమును చదువరులు గమనింపవలెను. మా మొదటి మాటలలో చెప్పిన ఆ కనబడని పద్దు, అనగా పోయిన కూలి, తీరవలెనన్న ఇంటికి మఱియొక దారిని నాలుగు రూపాయలు రావలెను. తల్లికి కుట్టుమిషను పని వచ్చిన, ఆమె ఇంటనే యుండి సంపాదింపవచ్చును. బిడ్డ చంటివానిని విడిచి బడికి పోవచ్చును. ఉపకారవేతనములను గూర్చి గ్రంథములు వ్రాసినవారికంటె ఈ సంగతి ఆ బడిపంతులమ్మకు ముందుగా తోచినది.

1967లో ఆమె రిపబ్లికను పార్టీ తరఫున నిజామాబాదు జిల్లాలోని ఎల్లారెడ్డి స్థానమునకు పోటీచేసి గెలిచిరి. ఓడినవారు శ్రీమతి సదాలక్ష్మిగారు. ఆమెయు సికింద్రాబాదు ప్రాంతమువారే, బొల్లారము ఆడపడుచు. 1960 మొదలు 1962 వఱకు ఆంధ్రప్రదేశ శాసనసభకు ఉపసభాపతిగా నుండినవారు. అంటరానితనముచే అణచబడిన కులములనుండి వచ్చిన ఇద్దఱు స్త్రీలు ఒక స్థానమునకై తలపడుట ఆ కాలమునకు క్రొత్త. వారి రాజకీయములను తూచుట మా పని కాదు. ఒక తరమునకు ముందు ఆ యిద్దఱి తల్లులకును బడిగడపయే దూరమై యుండెనని మాత్రము తలచుకొందము.

ఆ సభలో 287 మంది సభ్యులు. ఈశ్వరీబాయిగారి పక్షమువారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఇట్టి సభ్యురాలు ఏ బిల్లును నెగ్గింపగలదు? ఏదియు లేదు. అయినను శాసనసభ నడచు పద్ధతిలో ఒంటరి సభ్యునకును కొన్ని పనిముట్లు కలవు. మన గృహములలో వీనిని తెలిసినవారు తక్కువ గనుక కొంచెము విస్తరించి చెప్పెదము.

మొదటిది ప్రశ్న. ఫలాని తాలూకాలో ఎన్ని బడులకు కప్పు లేదు, ఎన్ని పంతులు పదవులు ఖాళీగా నున్నవి, ఫలాని సంవత్సరపు ఉపకారవేతనము ఏ నెలలో చెల్లింపబడినది అని సభ్యుడు వ్రాసి యిచ్చిన, మంత్రి జవాబు చెప్పవలెను. ఆ జవాబుకొఱకు కచ్చేరీలో గుమాస్తా ఫైలు తీయును. జిల్లాకు లేఖ పోవును. నిద్రించుచున్న అధికారి లేచి కూర్చుండును. జవాబు అసంపూర్ణమైనను ఆ కదలిక వ్యర్థము కాదు. రెండవది పద్దులపై చర్చ. ఏటేట విద్యాశాఖకు ఇంత సొమ్ము కావలెనని మంత్రి సభ నడుగును. దానిపై సభ్యుడు కోత తీర్మానమును ప్రతిపాదింపవచ్చును. నూఱు రూపాయలు తగ్గింపుమని కోరుట దాని రూపము. ఆ నూఱు రూపాయలపై ఎవరికిని ఆశ లేదు, ఫలాని విషయమున శాఖ తప్పినదని చెప్పుట దాని ప్రయోజనము. తీర్మానము వీగిపోవును. సభ్యుడు చెప్పినది మాత్రము కార్యక్రమగ్రంథమున అచ్చుపడి నిలుచును. గోఖలేగారి బిల్లు వీగినను ఆయన వాదము నిలిచినట్లే యిదియు.

సభలో భయపడక, బిగ్గఱగా, ఒక్కొక్కప్పుడు సహనము వీడి మాటలాడువారని ఆమెకు ప్రసిద్ధి. 1968 ఫిబ్రవరిలో కృష్ణాజిల్లా కంచికచర్లలో కోటేశు అను హరిజన యువకుని దొంగతనము నెపమున సజీవముగా దహించిన ఘోరమును ఆమె సభలో లేవనెత్తి ప్రభుత్వమును నిలదీసిరి. ఇది చదువును గూర్చిన వ్యాసమున నేల యని యడుగువారుందురు. ఊరిలో బ్రతుకునకే పూచీ లేనివాడు బిడ్డను ఊరిబడికి పంపునా? బడి తెఱచియున్నంత మాత్రమున దారి తెఱచియున్నదని యనుకొనరాదు. ఆమె దృష్టిలో ఈ రెండును ఒక్క విషయమే.

ఇక తెలంగాణపు సొమ్ము సంగతి. 1956 ఫిబ్రవరి 20వ తేదీని కుదిరిన పెద్దమనుష్యుల యొప్పందమున చదువునకు సంబంధించిన షరతు ముఖ్యమైనది. తెలంగాణమునందలి విద్యాసౌకర్యములు తెలంగాణ విద్యార్థులకే దక్కవలెననియు, ఇంకను మెఱుగుపడవలెననియు, కళాశాలలలోను సాంకేతిక విద్యాలయములలోను ప్రవేశము వారికే యియ్యవలెననియు, లేదా రాష్ట్రమంతటి ప్రవేశములలో మూడవవంతు వారికి రావలెననియు, ఈ రెంటిలో వారికేది లాభమో అది జరుగవలెననియు అందు వ్రాసికొనిరి. దీనిని కనిపెట్టుటకు తెలంగాణ శాసనసభ్యులందఱితో నొక ప్రాంతీయ సంఘము 1958లో ఏర్పడినది. ప్రాథమిక మాధ్యమిక విద్యలును, విద్యాలయములలో ప్రవేశములును దాని పరిధిలోనివి. ఎల్లారెడ్డి సభ్యురాలుగా ఈశ్వరీబాయిగారును ఈ సంఘమున సభ్యులే. ఒప్పందము కలదు, సంఘము కలదు, తెలంగాణమున వసూలై తెలంగాణమున వ్యయము కాని సొమ్ము మాత్రము పేరుకొనుచు వచ్చినది. 1956 నవంబరు మొదలు 1968 మార్చి వఱకు ఆ మిగులు 28 కోట్ల 34 లక్షల రూపాయలని భార్గవసంఘము లెక్కతేల్చినది. ఆ కాలమున ఇరువదియెనిమిది కోట్లన్న ఎన్ని బడులు, ఎందఱు పంతుళ్లు, ఎన్ని హాస్టళ్లు! సభ మంజూరు చేసిన సొమ్మే గాని గ్రామమునకు చేరని సొమ్ము బీదవాని కెందుకు పనికివచ్చును?

1969 జనవరిలో మొదలైన అలజడికి ఉద్యోగముల కొఱతయు, ఈ సొమ్మును గూర్చిన సందేహమును మూలములు. ముందు నిలిచినవారు విద్యార్థులే. కళాశాలలు మూతపడెను, పలువురు పడుచువారు తుపాకి గుండ్లకు బలియైరి, వేలకొలది పిల్లలకు ఒక యేటి చదువు చెడినది. ఒక యేడు చెడుట ధనికుని కొడుకునకు చిన్నమాట. మొదటిసారి కళాశాల గడప త్రొక్కిన యింటివానికి ఆ యేడే తుదియేడు కావచ్చును. తండ్రి మఱియొక సంవత్సరము భరింపజాలడు. ఈశ్వరీబాయిగారు ఉద్యమములో ముందువరుసను నిలిచిరి. 1971లో తెలంగాణ ప్రజాసమితివారిలో పెక్కుమంది కాంగ్రెసులో కలియగా ఆమె కలియలేదు. 1972లో సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి పక్షమున ఎల్లారెడ్డినుండియే మరల గెలిచిరి. 1973లో ఆఱు సూత్రముల పథకము వచ్చి ప్రాంతీయ సంఘమును తొలగించినది; ప్రవేశములలో స్థానికులకు ప్రాధాన్యము నిచ్చినది; హైదరాబాదున కేంద్ర విశ్వవిద్యాలయమును వాగ్దానము చేసినది. ఆ విశ్వవిద్యాలయము 1974లో వెలసినది. సొమ్మును కనిపెట్టు సంఘము పోయి విశ్వవిద్యాలయము వచ్చుట లాభమో నష్టమో యని నేటికిని వాదించువారు కలరు. మాకు రెండును కావలసియుండెను.

స్త్రీశిశు సంక్షేమ సంఘమునకు అధ్యక్షురాలుగా నున్నపుడు ఈశ్వరీబాయిగారు ఆడుపిల్లల చదువు ఉచితము కావలెనని పాటుపడిరి. స్త్రీలకు ఉచితవిద్య దొరకుటలో ఆమె పూనిక గలదని ఆమెను స్మరించువారందఱు చెప్పుదురు. దాని విలువ తెలియవలెనన్న ఒక్క అంకె చాలును. 1971 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశమున చదువ వ్రాయ నేర్చిన స్త్రీలు నూటికి 16 మంది కంటె తక్కువ. పురుషులను కలిపి లెక్కించినను నూటికి 25 మంది కారు. పదునాలుగేండ్ల వఱకు ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలో నిచ్చెదమని రాజ్యాంగము పలికిన గడువు 1960తోనే తీరిపోయినది. జాతీయాదాయమున నూటికి ఆఱు వంతులు చదువుకై వ్యయింపుడని కొఠారీ సంఘము 1966లో చెప్పినది. ఆ యాఱు వంతులు పూర్తిగా ఏనాడును రాలేదు. ఇట్టి స్థితిలో జీతము మాఫీ యొకటియే అక్షరములను తెచ్చిపెట్టునని యెవరు నమ్ముదురు? ఇంట కొడుకునకు జీతము కట్టి కూతును మాన్పించు తండ్రి నోట ఒక్క సాకు మాత్రము తగ్గినది. ఒక్క సాకు తగ్గించుటకును ఎంత పోరాటము కావలసెనో!

ఎదుటి పక్షమువారికిని న్యాయము చేయవలెను. ఆ కాలమున విద్యామంత్రిగాను, 1971 నుండి ముఖ్యమంత్రిగాను ఉన్న పి. వి. నరసింహారావుగారు నల్లగొండజిల్లా సర్వేలు గ్రామమున 1971 నవంబరులో గురుకుల విద్యాలయమును తెఱపించిరి. పల్లెటూరి బీద బాలుడు అచట భోజనము, బస, చదువు ఏకముగా నుచితముగా పొందెను. బడిజీతమును మాత్రమే మాన్పిన చాలదనియు, కడుపునకు పెట్టి పడుకకు చోటిచ్చినపుడే చదువు నిలుచుననియు నాటి ప్రభుత్వము ఒక్క గ్రామమునందైన ఒప్పుకొన్నట్లైనది. వేంకటరామారెడ్డిగారు దాతల సొమ్ముతో చేసినదానిని ప్రభుత్వము తన పద్దుతో చేసినది. నేడు తెలంగాణమున నడచుచున్న గురుకులములన్నియు ఆ త్రోవలోనివే. నిలదీయు సభ్యులు సభలో లేనిచో ఇట్టి యాలోచనలు మంత్రులకు తఱచుగా కలుగవని మాకు తోచుచున్నది; దీనిని ఋజువు చేయుట కష్టమే.

1978 తరువాత ఈశ్వరీబాయిగారు శాసనసభలో లేరు. తరువాతి కాలమున చిక్కు మఱియొక రూపు దాల్చినది. ప్రాథమిక విద్య కొంత విస్తరించినది గాని ఇంజనీరింగు, వైద్యము మొదలగు చదువులు ప్రైవేటు కళాశాలల చేతికి పోయి, ప్రవేశమునకు చందా పేరిట పెద్దమొత్తములు పుచ్చుకొనుట సాగెను. దీనిని నిషేధించుచు ఆంధ్రప్రదేశమున 1983లో చట్టము పుట్టినది. ఆ చట్టపు వివాదములతోనే పెరిగిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1993లో, పదునాలుగేండ్ల వఱకు చదువు పౌరుని ప్రాథమికహక్కేయని తీర్పు చెప్పినది. ఆ తీర్పే 2002 నాటి రాజ్యాంగసవరణమునకును, 2010 ఏప్రిలు ఒకటవ తేదీనుండి అమలైన విద్యాహక్కు చట్టమునకును దారితీసినది. గోఖలేగారు అడిగి తొంబదితొమ్మిదేండ్లు నిండినవి. పై చదువుల రుసుముపై అదే తీర్పు చేసిన యేర్పాటును మాత్రము 2002లో సుప్రీముకోర్టే త్రోసివేసినది.

పై చదువునకు మన రాష్ట్రమున దొరకిన ఉపాయము ఫీజు తిరిగిచెల్లింపు పథకము. 2008 ప్రాంతమున వృత్తివిద్యలకు విస్తరించిన యీ పథకమువలన కూలివారి బిడ్డలు వేలకొలదిగా ఇంజనీర్లైరి. దీనిని కాదనుట కృతఘ్నత. తరువాత దానికి 35,000 రూపాయల మేర పరిమితి యేర్పడినది; ప్రవేశపరీక్షలో పదివేల లోపు స్థానము వచ్చినవారికి మొత్తము రుసుము. అయితే ప్రభుత్వము సొమ్మును కళాశాలకు చెల్లించుటలో ఆలస్యమగును, బకాయిలు పేరుకొనును, ఆ సంగతి పలుమారులు పత్రికల కెక్కినది. భారము చివరకు పిల్లవానిపై పడును. మా వద్ద పదవ తరగతి వఱకు చదివిన యొక బాలిక, ఆటో నడుపు తండ్రికి కూతురు, నాలుగేండ్లు చదివి పరీక్ష గెలిచిన తరువాత ఒక కళాశాలవారు ప్రభుత్వపు సొమ్ము రాలేదని ఆమె పత్రములను పట్టియుంచిరి. ఉద్యోగమునకు పిలుపు వచ్చినది. చేతిలో పత్రము లేదు. తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి కట్టి విడిపించెను. ప్రభుత్వపు లెక్కలో ఆమె చదువు ఉచితము.

ఇట్టిచోటనే శాసనసభ్యుని పనిముట్లు పనికివచ్చును. ఫలాని సంవత్సరపు ఉపకారవేతనములకు ఎంత మంజూరైనది, అందులో ఏ తేదీనాటికి ఎంత చెల్లింపబడినది, చెల్లింపనందున ఎందఱి పత్రములు నిలిచినవి అని వ్రాసి యడుగుటకు అధికారపక్షము కానక్కఱలేదు, మంత్రిపదవియు నక్కఱలేదు. ఇంటింటికిని వోట్లకై వచ్చువారిని మన గృహిణులు దారులను గూర్చియు, నీటిని గూర్చియు అడుగుచునే యున్నారు. ఈ తేదీలను గూర్చియు అడుగుదురు గాక. ఆదాయ ధ్రువపత్రమునకు మీసేవ కచ్చేరి చుట్టును, బ్యాంకు చుట్టును తిరిగి పోగొట్టుకొన్న కూలిదినముల లెక్కను గూడ వారియెదుట పెట్టుదురు గాక.

ఈశ్వరీబాయిగారు 1991 ఫిబ్రవరి 24వ తేదీని గతించిరి. పశ్చిమ మారేడుపల్లిలో ఆమె పేరిట నర్సుల కళాశాల యొకటి కలదు. పల్లెలనుండి వచ్చిన బాలికలు అచట చదువుకొని ఆసుపత్రులలో కొలువులు చేయుచున్నారు.